గంజాయి దుకాణంలో వాటా తీసుకోవచ్చా?

ప్రశ్న: కొలరాడోలో రాష్ట్ర లైసెన్సుతో నడిచే గంజాయి దుకాణంలో వాటా తీసుకోమంటున్నారు. ఏడాదికి 10 లక్షల డాలర్ల అమ్మకాలున్నా ఏమీ మిగలడం లేదట. కారణమేమిటి? నాకు గ్రీన్‌కార్డే ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ముందు రెండో ప్రశ్న చూద్దాం. దాని జవాబు తెలిశాక మొదటిది మీకు అక్కర్లేకపోవచ్చు. కొలరాడోలో 2014 జనవరి 1 నుంచి ఈ అమ్మకం చట్టబద్ధమే. కానీ వలస చట్టం ఫెడరల్ ప్రభుత్వానిది, రాష్ట్రం లైసెన్సు అక్కడ చెల్లదు. ఈ రంగంలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి కావాల్సిన 'సత్ప్రవర్తన' దగ్గర అడ్డు రావచ్చని వలస సేవల శాఖ 2019 ఏప్రిల్‌లోనే చెప్పింది. వాటాదారుకు ముప్పు ఇంకా ఎక్కువ. కేసూ శిక్షా లేకపోయినా, విదేశం వెళ్లి వస్తుంటే విమానాశ్రయంలోనే ఆపేయవచ్చు. పౌరసత్వం వచ్చేదాకా ఆగడమే మేలు. సందేహముంటే వలస న్యాయవాదిని అడగండి, దుకాణం తరఫు న్యాయవాదిని కాదు.

ఇక లాభం మాట. 1982లో ఫెడరల్ పన్ను చట్టంలోకి వచ్చిన 280ఇ సెక్షన్ ప్రకారం షెడ్యూలు 1, 2 (ఫెడరల్ ప్రభుత్వం అత్యంత కఠినంగా నియంత్రించే జాబితాలు) మత్తుమందులు అమ్మేవారికి వ్యాపార ఖర్చుల మినహాయింపు లేదు. సరుకు కొన్న ధర, దాన్ని దుకాణానికి చేర్చిన రవాణా ఖర్చు మాత్రమే తీసేయనిస్తారు. 10 లక్షల అమ్మకాల్లో సరుకుకు 6 లక్షలు, అద్దె, జీతాలు, కాపలాకు 3 లక్షలు పోయాయనుకోండి. అసలు లాభం లక్ష. మామూలు కంపెనీ అయితే 21 శాతం చొప్పున 21 వేలు కడుతుంది. ఇక్కడ పన్ను 4 లక్షల మీద, అంటే 84 వేలు. ఖర్చులు ఇంకో 20 వేలు పెరిగాయా, లాభం కన్నా పన్నే ఎక్కువ! దుకాణం ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) అయితే మామూలుగా ఈ పన్ను నేరుగా వాటాదారుల మీదే పడుతుంది, పైసా పంచకపోయినా సరే. సాగు చేసేవారి పరిస్థితి కొంత నయం, పెంపకపు కూలీ, కరెంటు సరుకు ఖర్చులో చేరతాయి. షెడ్యూలు 3 మందులకు ఈ సెక్షన్ వర్తించదు కాబట్టి, లెక్క వేసే ఏడాదిలో గంజాయి ఏ షెడ్యూలులో ఉందో చూసుకోవాలి.

వీసా, మాస్టర్‌కార్డు ఈ చెల్లింపులకు ఒప్పుకోవు కాబట్టి వ్యాపారం చాలావరకు నగదుతోనే. ఒకరి నుంచి 10 వేల డాలర్లు మించి నగదు తీసుకుంటే 15 రోజుల్లో ఆ సంగతి తెలిపే ఫారం 8300ని ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు దాఖలు చేయాలి. అది తప్పించుకోడానికి మొత్తాన్ని ముక్కలు చేస్తే అదే నేరం.

ఎప్పుడు కొన్నా గత మూడేళ్ల పన్ను రిటర్నులు అడిగి చూడండి. అద్దె, కౌంటరు జీతాలు సరుకు ఖర్చులో కలిపి ఉంటే అనుమానించండి, ఐఆర్ఎస్ తనిఖీలో ముందు కొట్టేసేవి అవే. తర్వాత సరుకు గదిలోకి వెళ్లి నాలుగైదు ప్యాకెట్లు తూయించండి. ట్యాగు నంబరు, బరువు రాష్ట్రం సరుకు జాడ తెలుసుకోడానికి వాడే మెట్రిక్ (Metrc) అనే కంప్యూటర్ వ్యవస్థలో ఉన్నదానితో సరిపోవాలి. ఆరితే కొన్ని గ్రాములు తగ్గడం మామూలే. ఆ తగ్గుదలను కారణంతో సహా ఏ రోజుకారోజు నమోదు చేయకపోతే, సరుకు పక్కదారి పట్టిందనే అధికారులు అనుకుంటారు.