పర్లాకిమిడి అమ్మాయికి, ఫోటోల సంగతి

బరంపురం

అమ్మాయీ,

తెలుగు వికీపీడియా కోసం చిన్న రైలు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలైన ఆ నేరోగేజ్ 1931లో గుణుపురం దాకా వెళ్లడం, 2004లో ఆగిపోవడం, 2011లో బ్రాడ్‌గేజ్‌గా తిరిగి రావడం, అన్నీ సాఫీగా చెప్పావు. రాత మీద నాకు పేచీ లేదు. ఫోటోల దగ్గరే ఉంది తగువంతా.

ఒకదాని కింద ఒకటి పేర్చేశావు. ఫోన్‌లో చదివేవాళ్లకి రెండో పేరా చేరేసరికి వేలు నొప్పెడుతుంది. వ్యాసంలో రెండో మూడో చాలు, ఏ పేరాలో ఆ మాట వచ్చిందో అక్కడే. తక్కినవి చివర గ్యాలరీలో పెట్టు. పాత టైమ్‌టేబుల్ పీడీఎఫ్ లాంటివి బొమ్మగా పరచక్కర్లేదు, ఫైలు పేరుకి ముందు ఒక కోలన్ పెడితే వట్టి లింకు వస్తుంది. సైజు పిక్సెళ్లలో బిగించకు. థంబ్ (చిన్న బొమ్మ) అని రాసి వదిలెయ్, చదివేవాళ్ల సెట్టింగును బట్టి అదే సర్దుకుంటుంది.

ఒక ఫోటో రాక ఎర్ర లింకు కనబడుతోందని టెన్షన్ పడ్డావు కదా. మీ కెమెరా ఫైలు చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో పెట్టింది, నువ్వు వ్యాసంలో చిన్నక్షరాల్లో రాశావు. వికీకి ఆ రెండూ వేరు వేరు ఫైళ్లు. అంతే సంగతి.

ఫైలు ఉండేది అన్ని వికీపీడియాలకీ ఉమ్మడి ఫోటోల గిడ్డంగి అయిన వికీమీడియా కామన్స్‌లో, వ్యాసంలో నువ్వు రాసేది దాని పేరు మాత్రమే. ఒక్కసారి ఎక్కిస్తే ఒడియా వికీపీడియా వాళ్లూ అదే వాడుకుంటారు. అందుకే ఫోన్ ఇచ్చిన అంకెల పేరు మార్చి ఊరు, విషయం, సంవత్సరం వచ్చేలా పెట్టమనేది. వివరణ తెలుగులోనూ ఒడియాలోనూ రాయి. నీకు రెండూ వచ్చు, మా బోటివాళ్లకి ఆ అదృష్టం లేదు. 'పర్లాకిమిడి స్టేషన్' అని బోర్డు మీదే ఉంది, అది మళ్లీ రాయడం దేనికి? ఏ వైపు నుంచి తీశావు, ఏ నెల, వెనక కనబడే షెడ్డు ఏమిటి, అది చెప్పు. అదీ వాడుక మాటల్లో. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో పుట్టి 'ధూమశకట నిలయము' అంటే ఎలా?

ఇక అసలు గొడవ, మీ తాతగారి ఆల్బమ్ ఫోటో. ఇంజన్ పక్కన ఆయన నిలబడ్డది. దాన్ని ఫోన్‌తో తీసి 'నా సొంత పని' అని టిక్ పెట్టేశావు. ప్రింటు మీ బీరువాలో ఉన్నంత మాత్రాన హక్కు మీదైపోదు. అలాగని స్టూడియో వాడిదే అనుకోకు. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. తాతగారే తీయించుకుని ఉంటే అది వారసులకి వస్తుంది. వారసులంటే మీ నాన్న ఒక్కరే కాదు, అత్తయ్యలు కూడా. అందరి అనుమతీ మెయిల్‌లో కామన్స్ వాళ్లకి పంపించాలి. స్నేహితుడెవరో ఊరికే తీసి ఇచ్చిందైతే వాళ్ల ఇంటికే వెళ్లి అడగాలి.

అడిగేటప్పుడు ఒక మాట దాచకు. క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 అనే ఉచిత లైసెన్స్ కింద ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. రేపు ఎవరో క్యాలెండర్ మీద అచ్చేసి అమ్ముకున్నా, పేరు చెప్పి, అదే లైసెన్స్ కింద వేసుకుంటే కాదనలేం. 'వ్యాపారానికి వాడకూడదు' అనే షరతుంటే కామన్స్ తీసుకోదు. మీ పెద్దత్తయ్య దీనికి ఒప్పుకోకపోతే ఫోటో ఇంట్లోనే ఉండనీ, బతిమాలకు.

గోడ మీది రంగుల బొమ్మ ఫోటో కూడా తీసెయ్. మన దేశంలో బహిరంగ చోట శాశ్వతంగా ఉన్న విగ్రహాన్నీ కట్టడాన్నీ తీసి పెట్టొచ్చు గానీ గోడ చిత్రానికి ఆ వెసులుబాటు లేదు, వేసినవాడి అనుమతి కావాలి. ఇంటి గుమ్మం ఫోటోలో లొకేషన్ ఆన్‌లో ఉంది, ముందు అది చెరిపి అప్పుడు ఎక్కించు.

ఆల్బమ్ ఫోటో వెనక స్టూడియో ముద్ర గానీ పెన్సిల్ రాత గానీ ఉందేమో చూసి రాయి. ఉంటే ఆ వెనక వైపు కూడా ఫోటో తీసి నాకు పంపు. అత్తయ్యల చేత పెట్టించాల్సిన మెయిల్ నేను రాసిస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు