పొద్దున కడుపునొప్పి, రాత్రి ఫీజుల గొడవ

ప్రశ్న: మాది నిజాంపేట. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగు. జూన్ 12న బడులు తెరిచినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున్నే అరుపులు. టిఫిను, రెండు బాక్సులు, పాపకు జడలు, షూ పాలిష్ అన్నీ నేనే. బస్సు 7.20కి గేటు దగ్గరుంటుంది. పాప లేస్తూనే కడుపునొప్పి అంటుంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు, ఆదివారం నొప్పే ఉండదు. మావారిది నైట్ షిఫ్టు, ఆరింటికి వచ్చి పడుకుంటారు. అత్తయ్యేమో "మా రోజుల్లో ఇంత హడావుడి ఎక్కడుంది" అంటారు. మావారు ఆఫీసుకు బయల్దేరే ముందు ఫీజుల మీద మాకిద్దరికీ గొడవ. నాకే ఓపిక తక్కువా?

జవాబు: ఓపిక సంగతి అలా ఉంచండి, ఇంతమంది పెద్దవాళ్ళున్న ఇంట్లో పొద్దుటి పనంతా మీ ఒక్కరి మీదే ఎందుకు పడిందో ముందు అది తేల్చుకోవాలి. మీవారు ఆరింటికి వస్తున్నారు కదా, పిల్లల్ని బస్సెక్కించి వచ్చి పడుకోమనండి, గంటన్నర ఆలస్యమవుతుంది నిజమే, కానీ పొద్దున పిల్లలకు నాన్న మేలుకుని కనిపించేది ఆ కాసేపే. అది మరీ కష్టమంటే సాయంత్రం బయల్దేరే ముందు టైంటేబుల్ చూసి బ్యాగులు సర్దించడం, ఇంకా మిగిలిన పుస్తకాలకు అట్టలు వేయడం ఆయన పని. అత్తయ్యగారి మాటకు జవాబు చెప్పకండి, చేతికి దువ్వెన ఇవ్వండి. జడలు వేసే పని దొరికితే వ్యాఖ్యానం దానంతటదే తగ్గుతుంది.

ఇక పాప. ఆదివారం లేని నొప్పి కాబట్టి నాటకం అనుకోవద్దు. ఈ వయసు పిల్లల్లో బెంగ, భయం చాలాసార్లు కడుపునొప్పిగానే బయటపడతాయి, నొప్పి మాత్రం నిజమే. కొత్త తరగతికి రాగానే చాలా బడుల్లో సెక్షన్లు మార్చేస్తారు, రోజూ పక్కన కూర్చునే స్నేహితురాలు వేరే సెక్షన్‌లో పడిందేమో. "స్కూల్లో ఏమైంది" అంటే "ఏం లేదు" అనే అంటారు. లంచ్ ఎవరి పక్కన తిన్నావు, బస్సులో ఎక్కడ కూర్చున్నావు, బాత్రూమ్‌కి వెళ్తున్నావా (బాగుండదని సాయంత్రం దాకా ఆపుకునే పిల్లలు చాలామంది, కడుపునొప్పికి అదీ కారణమవుతుంది) అని అడిగి చూడండి. ఎవరైనా కొడుతున్నారనో ఏడిపిస్తున్నారనో తెలిస్తే ఆ రోజే క్లాస్ టీచర్‌ని కలవండి. అలాంటిదేమీ లేకపోతే నొప్పి అన్న ప్రతిసారీ ఇంట్లో ఉంచేయకండి, మానేసినకొద్దీ మళ్ళీ వెళ్ళడం కష్టమవుతుంది. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, రాత్రి నొప్పితో లేవడం ఉంటే మాత్రం మళ్ళీ డాక్టరే. రెండు మూడు వారాలైనా బెంగ తగ్గకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిద్ర కూడా చూసుకోండి. పాప వయసుకు కనీసం 9 గంటలు కావాలి, బాబుకు 8 తగ్గకూడదు. సెలవుల్లో పన్నెండింటికి పడుకున్న పిల్లలు ఒక్కసారిగా తొమ్మిదింటికి పడుకోమంటే పడుకోరు, రెండు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. ఫోన్లు హాల్లో చార్జింగ్ పెట్టాలి, మీది కూడా.

ఫీజు లెక్కలు ఆదివారం మధ్యాహ్నం, తలుపేసుకుని మాట్లాడుకోండి. ఎనిమిదో తరగతి పిల్లాడికి అన్నీ అర్థమవుతాయి, ఇంట్లో డబ్బు గొడవలు వింటూ పెరిగిన పిల్లలు టూర్ నోటీసు వచ్చినా చూపించకుండా బ్యాగులోనే దాచేస్తారు. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగండి, అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: మా వాడు మూడో తరగతి, బరువు 24 కిలోలు. బ్యాగు 5 కిలోలు. టీచర్‌తో అంటే బాగుంటుందా? (ఉప్పల్)

జవాబు: తప్పకుండా అనండి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు, అంటే మీవాడికి 2.4 కిలోలు. ముందు బ్యాగు మీరే ఒకసారి ఖాళీ చేయండి, నిన్నటి పుస్తకాలు, నిండు నీళ్ళ సీసా, బొమ్మలు సగం బరువు ఉండొచ్చు. అవి తీసేశాక కూడా బరువుంటే తూకం డైరీలో రాసి పంపండి.