టైరు ఊడి కారు బోల్తా పడితే కంపెనీ మీద కేసు నిలుస్తుందా?

సూర్యాపేట దాటాక వెనక టైరు పోయి నాన్నగారి కారు బోల్తా పడిందని, ఆయన వెన్నుకు దెబ్బ తగిలిందని, టైరు కొని ఏడాది కూడా కాలేదని రాశారు. కంపెనీ మీద కేసు వేయొచ్చా అన్నది మీ ప్రశ్న. వేయొచ్చు. అంతకంటే ముందు నేను అడిగేది ఒకటుంది. ఆ టైరు ఇప్పుడు ఎక్కడుంది?

షెడ్డులోనే ఉంటే ఇక్కడితో చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) అన్నారంటున్నారు కదా, సాల్వేజ్ (పాడైన బండి) కొన్నవాడు బండితో పాటు టైర్లు కూడా పట్టుకుపోతాడు. 'కేసు కోసం ఈ చక్రం మాకు కావాలి' అని ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు మెయిల్ పెట్టి, రిమ్ముతో సహా, విప్పకుండా తెచ్చుకోండి. నాలుగూ తెచ్చుకుంటే ఇంకా మంచిది.

మాకు 2022 మేలో ఇదే రోడ్డు మీద చిట్యాల దగ్గర జరిగింది. నేనే నడుపుతున్నాను. వెనక నుంచి ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు, ఆ వెంటనే బండి ఎడమకు లాగేసింది. భయంతో స్టీరింగ్ కుడికి తిప్పాను. ఎత్తు బండి కదా, పల్టీ కొట్టింది. అమ్మకు భుజం ఎముక విరిగింది, నాకు పక్కటెముకలు.

మా కేసును నిలబెట్టింది మా బావమరిది. మేం ఆసుపత్రిలో ఉండగా అతను వెనక్కి వెళ్లి, డివైడర్ మీది గన్నేరు చెట్ల మధ్య పడి ఉన్న రబ్బరు పట్టీని వెతికి తెచ్చాడు. టైరు పైపొర మొత్తం స్టీలు తీగలతో సహా ఊడి వచ్చేసింది. విచిత్రం ఏమిటంటే, కింద మిగిలిన టైరులో గాలి ఇంకా ఉంది! అంటే అది పంక్చరూ కాదు, పేలడమూ కాదు. పొరలు విడిపోయాయన్నమాట. బావమరిది ఆ వీడియో తీయకపోతే మా మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

కంపెనీ మనిషి వచ్చి చూశాడు. 'గాలి తక్కువగా నడిపారు' అని రాసి, ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాళ్ల పొర) ఎంత మిగిలిందో కొలిచి, కొత్త టైరు మీద ఆ మేరకు తగ్గింపు ఇస్తానన్నాడు. అమ్మ చేతికి కట్టు, ఈయన చేతిలో డిస్కౌంటు కాగితం. టైరు ల్యాబ్‌కు పంపుతాం, ఇవ్వండన్నాడు. ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

ఈ 'గాలి తక్కువ' వాదన కొత్తదేం కాదు. 2000లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు ఇలాగే బోల్తా పడితే ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. అప్పుడూ ఫోర్డ్ చెప్పిన గాలి ఒత్తిడి, 26 పీఎస్ఐ, మరీ తక్కువని టైరు కంపెనీ, లోపం టైరుదేనని ఫోర్డ్ కొట్టుకున్నాయి.

చట్టం సంగతికి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం తయారీలో గానీ డిజైన్‌లో గానీ లోపం వల్ల గాయపడితే తయారీదారు పరిహారం కట్టాలి. 87వ సెక్షన్ మాత్రం వాళ్లకు ఆయుధం. వస్తువును సరిగ్గా వాడలేదని, మార్పులు చేశారని చూపించగలిగితే తప్పించుకుంటారు. అందుకే అలైన్‌మెంట్ బిల్లులు, సర్వీసు రికార్డు, పంక్చరు షాపులో చేసిన యూపీఐ చెల్లింపులు, దొరికినవన్నీ పోగెయ్యండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, ఫోటో తీసుకోండి. 3221 అని ఉంటే 2021లో 32వ వారం తయారీ అని. ఏడాది కింద కొన్న టైరు నాలుగేళ్ల పాతదని తేలినా ఆశ్చర్యపోవద్దు.

రెండేళ్లలోపు వేయాలి. ఎక్కడ వేయాలన్నది వస్తువుకు కట్టిన ధరను బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. కాబట్టి టైరు మీద కేసు ఎంత పెద్దదైనా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఫీజు కూడా లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషనే ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు మాత్రం మనతో కట్టించవచ్చు. చట్టంలో నివేదికకు 45 రోజులని ఉంది. మాకు చాలా ఎక్కువే పట్టింది.

ఇంకో చిక్కు. వెనక కూర్చున్నవాళ్ల కోసం యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో కూడా వేద్దామని కొందరు వకీళ్లు అంటారు. అక్కడ మామూలుగా డ్రైవరు నిర్లక్ష్యం అని రాస్తారు, ఇక్కడ వినియోగదారుల కమిషన్‌లో టైరు లోపం అంటారు. రెండు కాగితాలూ ఎదుటి వకీలు చేతికి చిక్కితే అంతే. రెండూ ఒకే వకీలు చేత రాయించండి. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు కాపీ కూడా తీసుకోండి. 'ప్రమాదం యాంత్రిక లోపం వల్ల కాదు' అన్న వాక్యం అందులో అలవాటుగా పడిపోతుంటుంది. మా దాంట్లోనూ పడింది, దాన్ని దాటడానికే ఆరు వాయిదాలు పట్టాయి.

చివరికి 2024లో మా వైపే తీర్పు వచ్చింది, అడిగిన దాంట్లో సగం కూడా కాదు. కంపెనీ సగం డబ్బు డిపాజిట్ చేసి అప్పీలుకు వెళ్లింది. అది నడుస్తూనే ఉంది. అదే వారం తయారైన మిగతా మూడు టైర్లూ పోల్చి చూపడానికి పనికొస్తాయని వకీలు పారేయనివ్వడం లేదు. మెట్ల కింద గోనెసంచుల్లో ఉన్నాయి. చీపురు పెట్టుకునే చోటు లేదని అమ్మ రోజూ సణుగుతూనే ఉంది.