పై పోర్షన్ కిరాయికిచ్చే ముందు

బిడ్డా,

నయీంనగర్‌లో పై పోర్షన్ పని అయిపోయిందనీ, టు-లెట్ బోర్డు రాయిస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎసొంటోళ్లు వస్తరోనని నీకు టెన్షన్‌గా ఉందట కదా. హనుమకొండలో ఇల్లు కిరాయికిచ్చుకుంటూనే నా తల నెరిసింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు చెప్పులు విడవకముందే మన దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మీరేమిటోళ్లు?" సూటిగా అడగడానికి మొహమాటపడేవాళ్లు ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఏ వాడ అని. చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. నువ్వు ఆ ప్రశ్న అడగకు. అది తప్పు అనే సంగతి అట్లుంచు, దానికొచ్చే జవాబు నీకు ఎందుకూ పనికిరాదు. కిరాయి టైముకు ఇస్తారా, రాత్రి గేటుకు తాళం వేస్తారా, ట్యాంకు నిండాక మోటర్ బంద్ చేస్తారా? కులం పేరు విన్నాక వీటిలో ఒక్కటైనా తెలుస్తుందా?

పైగా ఆ ప్రశ్న అబద్ధం చెప్పిస్తుంది. ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి యూనివర్సిటీలో చదవడానికి వచ్చిన పిల్లలు నాలుగిళ్లలో కాదనిపించుకుంటే ఐదో ఇంట్లో ఇంటిపేరు మార్చి చెప్తారు. ఆ తర్వాత ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతోనే ఉంటారు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే బస్టాండ్‌లోనే కలిసి పంపించేస్తారు. కింద మనమేమో "ఏందో, ఆ పిల్లలు కలుపుగోలుగా ఉండరు" అనుకుంటాం. ముస్లింలకైతే పేరు మార్చుకునే వీలు కూడా లేదు. ఫోన్‌లో పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేసినం" అన్న మాట వస్తుంది. గేటుకు బోర్డు అట్లనే వేలాడుతుంటుంది.

"నీసు తినేవాళ్లకు ఇవ్వం" అనే మాట వింటే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఆదివారం పొద్దున చికెన్ షాపు ముందు లైన్‌లో ఉండేది వాళ్లే! నిజంగా తిననివాళ్లు, వాసన పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పుకుంటే అర్థముంది. మిగతావాళ్లది వంకే.

ఎవరినైనా కాదనాల్సి వస్తే అసలు కారణం చెప్పు. ఆరుగురికి నీళ్లు సరిపోవంటే సరిపోవను. మూడు బండ్లు పెట్టడానికి జాగా లేదంటే లేదను. ఎదుటి మనిషి మొహం చూసి చెప్పలేని కారణం నీ నోటికొస్తే, ఇంకోసారి ఆలోచించు.

ఏం అడగాలంటావా? ఎక్కడ పనిచేస్తారు, ఎంతమంది ఉంటారు, బండ్లు ఎన్ని, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు వదులుతున్నారు. వచ్చిన ప్రతివాళ్లనూ ఇవే అడుగు. ఒకరికి నాలుగు, ఇంకొకరికి పద్నాలుగు వద్దు. వీలైతే పాత ఓనర్‌కు ఫోన్ చెయ్. ఆయన చెప్పిందంతా వేదం అనుకోకు. "అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చిన్రా?" అని కూడా అడుగు. అక్కడ నసిగితే గొడవ ఎవరి దగ్గర మొదలైందో నీకే తెలుస్తుంది.

అగ్రిమెంట్ తప్పకుండా రాయించు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి అందరూ పదకొండు నెలలకు రాయించుకుంటారు. చుట్టాలైనా, మనవాళ్లైనా రాయించాల్సిందే. నమ్మకం లేక కాగితం రాయించుకుంటారని అనుకుంటాం గానీ, కాగితం ఉన్న చోటనే నాకు మాటామాటా వచ్చింది తక్కువ. ఆధార్ కాపీ తీసుకుంటే భద్రంగా పెట్టు, వాట్సాప్‌లో అటూ ఇటూ పంపకు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే వద్దనకు.

ఇక నీ సంగతి. వాళ్లు నిజాయితీగా ఉండాలని మనం చూస్తాం గానీ, మనం దాచేవి తక్కువేం కాదు. ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు ఎట్లుంటదో నీకు తెలుసు, చెప్పు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు మీ గల్లీ ఎట్లయిందో కూడా చెప్పు. పై పోర్షన్‌కు నీళ్లు రాకపోవచ్చు, కింద పెట్టిన బండ్లు మునుగుతాయి కదా.

కరెంట్ మీటర్ విషయం ఇంకా ముఖ్యం. ఒకే మీటర్ మీద రెండు కుటుంబాలు వాడుకుంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి. సబ్ మీటర్ పెట్టి, యూనిట్‌కు మనకు తోచిన రేటు కట్టి వసూలు చేసే ఓనర్లు మన గల్లీల్లోనే ఉన్నారు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు సర్కారు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు, కిరాయికి ఉండేవాళ్లకు కూడా. కానీ వాళ్ల పోర్షన్‌కు వేరే మీటర్ లేకపోతే అది వాళ్లకు దక్కదు. కిరాయి రశీదు కూడా అంతే. పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే ఉద్యోగులకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి కిరాయి అలవెన్స్) మీద పన్ను మినహాయింపు కోసం అది కావాలి, ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కూడా కావాలి. అడిగితే మొహం మాడ్చేవాళ్లు కిరాయిదారుల నిజాయితీ గురించి మాట్లాడకపోతేనే బాగుంటుంది.

ఇంకొక్క సంగతి. మా పక్కింట్లో ఒక బతుకమ్మ పండుగకు ఇత్తడి బిందె పోయింది. పైన ఉండే బ్యాచిలర్ పిల్లలే తీసి ఉంటారని ఇంటావిడ నలుగురి దగ్గరా అంది. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. ఆ మాట మాత్రం పైకి చేరింది. పిల్లలు నెల తిరక్కముందే ఖాళీ చేశారు. ఆమెకు బిందె పోయింది, మంచి కిరాయిదారులూ పోయారు. నీ ఇంట్లో ఏదైనా పోతే ఇల్లంతా వెతుకు, అవసరమైతే పోలీస్ కంప్లైంట్ ఇవ్వు. అనుమానం మాత్రం గల్లీలో పంచకు.

బోర్డు మీద "ఫ్యామిలీలకు మాత్రమే" అని రాయించకు. కిరాయి ఎంతో, ఎన్ని గదులో, ఫోన్ నంబర్ రాయిస్తే చాలు. వేరే మీటర్‌కు దరఖాస్తు ఈ వారంలోనే పెట్టు, కిరాయిదారులు దిగాక పెడితే ఆలస్యమవుతుంది. అగ్రిమెంట్ నమూనా నా దగ్గర ఉంది, మీ తమ్ముడు ఇటు వస్తే పంపిస్తా.

మీ పెద్దమ్మ