కవలల మీద పరిశోధన చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం. మాకు కవల ఆడపిల్లలు. ఒకే కాలేజీలో, ఒకే హాస్టల్ గదిలో ఉండి ఇంటర్ బైపీసీ పూర్తి చేశారు. పెద్దదానికి నీట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, చిన్నదానికి రాలేదు. లాంగ్ టర్మ్‌కి వెళ్లమంటే వినదు. కవలల మీద పరిశోధనలు చేస్తారట, అదే చదువుతానంటోంది. అలాంటి చదువు ఉందా? ఒకే కడుపున పుట్టినవాళ్లకు ఇంత తేడా ఎందుకు? మా పెంపకంలో లోపమా? - ఒక తల్లి

జవాబు: చదువు ఉందమ్మా. దాన్ని బిహేవియరల్ జెనెటిక్స్ అంటారు. మనుషుల తెలివి, స్వభావం, మానసిక జబ్బుల్లో కనిపించే తేడాలకు జన్యువులు ఎంత కారణం, పరిసరాలు ఎంత కారణం అని లెక్కగట్టే శాస్త్రం. ఆ ‘లెక్కగట్టే’ అన్న మాట మీ అమ్మాయి చేత రెండుసార్లు చదివించండి.

ఎందుకంటే దీని మీద మోజుపడి నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా జిమ్ కవలల కథ చదివి వస్తారు. అమెరికాలోని ఒహాయోలో పసికందులుగానే వేర్వేరు ఇళ్లకు దత్తత వెళ్లి, 39వ ఏట, 1979లో కలుసుకున్న అన్నదమ్ములు. ఇద్దరి పేరూ జిమ్మే. విడిగా పెరిగిన కవలల మీద మిన్నెసోటా యూనివర్సిటీలో సైకాలజిస్టు థామస్ బుషార్డ్ మొదలుపెట్టిన పరిశోధనలో తొలి జంట వాళ్లే. కథ బాగుంటుంది. రోజువారీ పని మాత్రం అంకెల పట్టికలతోనే.

ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు ఒకటే. రెండు అండాల నుంచి పుట్టినవాళ్లకు, మామూలు అక్కచెల్లెళ్లకు లాగే, సగటున సగం కలుస్తాయి. ఏదో ఒక లక్షణంలో మొదటి రకం జంటల పోలిక 0.8, రెండో రకానిది 0.5 అనుకుందాం (పోలికే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1). తేడా 0.3. అది సగం జన్యువుల తేడా వల్ల వచ్చింది కాబట్టి రెట్టిస్తే 0.6. అంటే ఆ జనంలో కనిపించే తేడాల్లో సుమారు 60 శాతం జన్యువుల వల్ల. దీన్నే హెరిటబిలిటీ అంటారు. రెండు రకాల కవలలనూ ఇంట్లోవాళ్లు ఒకేలా పెంచుతారన్న ఊహ మీద ఈ లెక్కంతా నిలబడుతుంది. ఆ ఊహ సరైనదేనా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 2,748 పరిశోధన పత్రాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో అన్ని లక్షణాల సగటు 49 శాతం తేలింది.

ఆ 49 జనం మొత్తానికి సంబంధించిన అంకె. దాన్ని మీ చిన్నమ్మాయి ర్యాంకుకు అంటగట్టకండి. అసలు మీ పిల్లలు ఏ రకం కవలలో తెలుసా? కాన్పులో రెండు మావులు వచ్చాయి కాబట్టి రెండు అండాలే అనుకుంటారు చాలామంది. ఒకే అండం కవలల్లోనూ దాదాపు మూడో వంతు జంటలకు మావులు విడిగానే ఉంటాయి. డీఎన్‌ఏ పరీక్షే తేలుస్తుంది. ఒకే అండమైనా సరే, ఒక్కొక్కరికీ విడిగా ఎదురయ్యే అనుభవాలు ఉంటాయి. పరీక్ష ముందు రోజు జ్వరం ఇద్దరికీ రాదు కదా.

పెంపకం అన్నారు. ఒకప్పుడు స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు కూడా తల్లినే తప్పుపట్టిన మానసిక వైద్యులున్నారు. 1966లో అమెరికా మానసిక వైద్యుడు లియోనార్డ్ హెస్టన్ ఆ జబ్బున్న తల్లులకు పుట్టి, పసితనంలోనే వాళ్లకు దూరమై వేరేచోట పెరిగిన 47 మందిని పరిశీలించారు. వాళ్లలో ఐదుగురికి అదే జబ్బు వచ్చింది. అలాగే తల్లికి దూరంగా పెరిగినా, తల్లికి ఆ జబ్బు లేని 50 మందిలో ఒక్కరికీ రాలేదు. తల్లుల మీద వేసిన నిందను కదిలించింది ఇలాంటి దత్తత అధ్యయనాలే.

ఇక దారి. మన దగ్గర ఈ పేరుతో డిగ్రీ లేదు, ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనా రాదు. తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు బైపీసీ వాళ్లూ వెళ్లొచ్చు, కానీ ఆ ప్రవేశ పరీక్షలో మ్యాథ్స్ కూడా ఉంటుంది. లేదంటే డిగ్రీలో జెనెటిక్స్ గానీ సైకాలజీ గానీ తీసుకుని, పక్కన స్టాటిస్టిక్స్, ఆ లెక్కలకు వాడే ‘ఆర్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. పీజీకి ఉస్మానియాలో జెనెటిక్స్ విభాగం ఉంది. పైచదువుకు లండన్ కింగ్స్ కాలేజీ, కొలరాడోలోని బౌల్డర్ ఈ రంగానికి పుట్టిళ్లలాంటివి. పరిశోధనలో నిలవలేకపోయినా ఈ లెక్కలు వృథా కావు. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ కంపెనీలకు బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య గణాంకాలు, తెలిసినవాళ్లు కావాలి.

లాంగ్ టర్మ్‌కి బలవంతం చేయకండి. ఎంపీసీ పిల్లలెవరి దగ్గరైనా పాత 2ఎ మ్యాథ్స్ పుస్తకం అడిగి తెచ్చి, ప్రాబబిలిటీ అధ్యాయం పది రోజులు చేయమనండి. విసుక్కోకుండా కూర్చుంటే నాకు మళ్లీ రాయండి. ‘మళ్లీ లెక్కలా’ అని పుస్తకం మూసేస్తే తనకు నచ్చింది కవలల కథలే అనుకోవచ్చు, అప్పుడు కౌన్సెలింగ్ సైకాలజీ గురించి మాట్లాడుకుందాం.