కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుంటే చూడాల్సింది చెవి వెనక

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర పల్లెలో ఉండే మా నాన్నగారికి షెల్ ఫ్రేములో బైఫోకల్ అద్దాలు వేయించాం. పొలంలో వంగినా, చెమట పట్టినా ముక్కు చివరికి వచ్చేస్తోంది. షాపులో రెండుసార్లు టైట్ చేయించాం, వారం తిరక్కుండా మళ్ళీ అదే. ఏం చెయ్యాలి?

జవాబు:

"టైట్ చెయ్యండి" అని అడిగినంత కాలం ఇది తేలదండీ. ఆ మాట వింటే షాపులో చాలాసార్లు చేసేవి రెండే పనులు. బందు దగ్గర స్క్రూ బిగిస్తారు, లేకపోతే రెండు కాడల్నీ లోపలికి నొక్కుతారు. స్క్రూ వదులైతే కాడ ఊగుతుంది గానీ, జారడానికి అసలు కారణం సాధారణంగా అది కాదు. రెండో పని అయితే జారుడు పెంచుతుంది కూడా. తల కణతల దగ్గర సన్నం, చెవుల వైపు వెళ్ళేకొద్దీ వెడల్పు. కాడలు మధ్యలోనే తలని నొక్కితే, మామిడి టెంకని వేళ్ళ మధ్య నొక్కినప్పుడు జారినట్టు కళ్ళజోడు ముందుకే తోసుకొస్తుంది. కాడ చెవి దగ్గరికి వచ్చాకే తలకి ఆనాలి.

ముక్కు బరువు మోస్తుంది, అంతే. వెనక్కి పట్టి ఉంచేది చెవి వెనక వంపు. ఆ వంపు చెవి పైభాగం దాటిన వెంటనే మొదలవ్వాలి. ఒక సెంటీమీటరు వెనక మొదలైందనుకోండి, వంపు చెవికి తగిలేదాకా కళ్ళజోడు ఆ సెంటీమీటరూ జారుతుంది. మీ నాన్నగారిది ఇదే అయ్యుండొచ్చు. కొత్త ఫ్రేముల వంపు ఫ్యాక్టరీలో ఒకే చోట పెట్టి వస్తుంది, చెవులు మాత్రం అందరివీ ఒక చోట ఉండవు.

చూడ్డం ఇలా. ఆయన్ని కూర్చోబెట్టి, కళ్ళజోడుని ముక్కు మీద ఉండాల్సిన చోట మీరు వేలితో ఆపి పట్టుకోండి. కాడ చెవి పైభాగాన్ని దాటే చోట చిన్న బొట్టు బిళ్ళ అతికించండి. రెండు చెవులకీ విడివిడిగా చెయ్యాలి, రెండూ ఒక ఎత్తులో ఉండటం తక్కువ. తీసి చూస్తే బొట్టు బిళ్ళకీ ఇప్పుడున్న వంపుకీ ఎంత దూరమో తెలిసిపోతుంది.

షెల్ ఫ్రేము అసిటేట్ అనే ప్లాస్టిక్‌ది అయితే వంపు ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఒక గ్లాసు మరిగిన నీళ్ళలో ఒక గ్లాసు మామూలు నీళ్ళు కలపండి, 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. కాడ చివర మాత్రమే, బొట్టు బిళ్ళ పెట్టిన చోటు మునిగేలా, 30 నుంచి 60 సెకన్లు ముంచండి. అద్దాలకి ఆ వేడి తగలకూడదు, పైన ఉన్న కోటింగు సన్నగా పగుళ్ళిస్తుంది. పాత వంపుని ముందు నిటారుగా చెయ్యండి. మళ్ళీ ముంచి, బొట్టు బిళ్ళ దగ్గర బొటనవేలు ఆనించి కిందికి 45 డిగ్రీలు వంచండి. చివరని కాస్త లోపలికి, చెవి వెనక ఎముక వాలు ప్రకారం తిప్పండి. చల్లటి నీళ్ళలో పది సెకన్లు అలాగే పట్టుకోండి. వంగనని మొరాయిస్తే బలం పెట్టొద్దు, ఇంకోసారి వేడి చెయ్యండి. చల్లగా ఉన్నప్పుడు వంచబోతే తెల్లటి గీతలు పడి అక్కడే విరుగుతుంది.

వంపు తర్వాత 3 నుంచి 4 సెంటీమీటర్లు మిగలాలి. రెండే మిగిలితే కాడ పొట్టిది, దానికి వంచినా లాభం లేదు. కాడ లోపలి వైపు 52, 18, 140 లాగా మూడు అంకెలుంటాయి చూడండి. అద్దం వెడల్పు, ముక్కు వంతెన, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. 140 చాలకపోతే ఈసారి 145 అడగండి. వంతెన ముక్కు కంటే వెడల్పైతే ఫ్రేము కిందికే కూర్చుంటుంది. అప్పుడు సిలికాన్ ముక్కు ప్యాడ్లు అతికించొచ్చు.

టీఆర్-90 అనే తేలికపాటి ఫ్రేములకి ఈ వేడినీళ్ళు పనిచెయ్యవు. వంచినా పాత ఆకారానికి పోతాయి. వాటిని షాపులో వేడిగాలి మెషీను మీదే చేయించాలి. మెటల్ ఫ్రేముకైతే ముక్కు ప్యాడ్లు పట్టుకునే సన్న తీగల్ని కొద్దిగా దగ్గరికి తెస్తే ఫ్రేము పైకి లేస్తుంది.

పని అయ్యాక ఆయన్ని తల పూర్తిగా కిందికి వంచి, అటూ ఇటూ ఊపమనండి. ఇరవై నిమిషాలయ్యాక చెవి వెనక ఎర్రటి గీత పడితే వంపు మరీ ముందుకొచ్చినట్టే, రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. పుండు పడేదాకా ఆగొద్దు.

చెమట సంగతి. మన వైపు ఎండాకాలం ఉక్కకి, తలకి రాసిన కొబ్బరినూనె కూడా తోడైతే ఏ ఫ్రేమైనా జారుతుంది. రోజూ ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవంతో ముక్కు ఆనే చోటా, కాడలూ కడిగి మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. శానిటైజరు, స్పిరిటు వాడితే అసిటేటు తెల్లబడుతుంది. పొలం పనికి మాత్రం కాడల చివర తొడిగే సిలికాన్ హుక్కులు మంచివి, ధర తక్కువ, చెమటలో కూడా పట్టు వదలవు. అయితే వంపు తప్పుగా ఉంటే హుక్కులు చెవిని కోసేస్తాయి, ముందు వంపే సరిచెయ్యాలి. బందు స్క్రూ మాటిమాటికీ వదులవుతుంటే స్క్రూ తల మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క చాలు. ఫెవిక్విక్ పెడితే దాని ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, ఆ స్క్రూ మళ్ళీ ఊడిరాదు.

పర్లాకిమిడిలో షాపుకే వెళ్తే ఒడియాలో "కానొ పొఛొరె బెండ్ కొరి దిఅంతు" అని అడగండి, చెవి వెనక వంచమని. ఆంధ్రలోని పాతపట్నం వైపు వెళ్తే తెలుగులోనే చెప్పొచ్చు. ఎక్కడ చేయించినా బొట్టు బిళ్ళలు తీయకుండా తీసుకెళ్ళండి.

చివరగా బైఫోకల్ గీత చూడండి. ఆయన తిన్నగా ముందుకి చూస్తున్నప్పుడు ఆ గీత కింది రెప్ప అంచు దగ్గర ఉండాలి. ఫ్రేము పైకి నిలిచాక గీత నల్లగుడ్డుకి అడ్డం వచ్చి నడిచేటప్పుడు మసకగా కనిపిస్తోందంటే, జారి ఉన్నప్పుడే కొలత తీశారన్నమాట. అది ఇంట్లో సరయ్యేది కాదు, అద్దాలు వేసిన చోటికి తీసుకెళ్ళి మళ్ళీ కొలిపించండి.