మెస్సులో మిగిలిన అన్నం దగ్గర మొదలుపెట్టమనండి

నల్లగొండ పక్క మండలం నుంచి ఒక రైతు రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరం, బోటనీ, కెమిస్ట్రీ. ప్రాజెక్టుకు తన క్యాంపస్ నైట్రోజన్ ఫుట్‌ప్రింట్ లెక్క తీస్తానంటోంది, తర్వాత అదే లైన్లో ఎమ్మెస్సీ అంటోంది. మాకు తెలిసిన నత్రజని యూరియా బస్తాలోదే. చుట్టాలంతా బీఈడీ చేయించమంటున్నారు. ఇందులో బతుకుదెరువు ఉందా?"

ముందే చెప్తున్నా, ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన కోసం చూస్తూ కూర్చుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. అయినా ప్రాజెక్టు చేయనివ్వండి.

యూరియా తెలిసిన మీకు ఇది అర్థం కావడం సులువే. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. అందులో వరికి అందేది మూడో వంతు అటూ ఇటూ. మిగతాది గాలికీ నీళ్లకీ పోతుంది. నైట్రోజన్ ఫుట్‌ప్రింట్ అంటే అలా పోయినదాని లెక్కే, కాకపోతే ఒక పొలానికి బదులు క్యాంపస్ తిండి, కరెంటు, బస్సుల వల్ల ఎంత పోతోందో అమ్మాయి లెక్కగడుతుంది. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఈ లెక్క తీసి, 2010లో ఉన్నదాన్ని 2025 నాటికి పావు వంతు తగ్గించాలని 2013లో లక్ష్యం పెట్టుకుంది. లెక్క తీసిన చాలా క్యాంపస్‌లలో పెద్ద వాటా తిండిదే.

అందుకే మెస్సు దగ్గర మొదలుపెట్టాలి. రాత్రి భోజనాలయ్యాక డ్రమ్ములో పడేసే అన్నం 20 కిలోలు ఉందనుకోండి. అందులో ప్రోటీన్ అర కిలో, ఆ ప్రోటీన్‌లో నత్రజని 16 శాతం, అంటే 85 గ్రాముల దాకా. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పొలంలో పోయినదాన్నీ కలిపితే, మోటు లెక్కన, అర కిలోకు పైగా యూరియా ఆ డ్రమ్ములో ఉన్నట్టే. అదీ ఒక్క పూటకు! చికెన్‌ది ఇంకా పెద్ద లెక్క, కోడి తిన్న మక్కల ఎరువూ, కోళ్ల పెంటా అందులోకే వస్తాయి. కందిపప్పుది తక్కువ, కంది తన నత్రజనిని చాలావరకు వేరు బుడిపెలతో గాలి నుంచే తీసుకుంటుంది. అలాగని పిల్లల చికెన్ మాన్పించమని రిపోర్టులో రాస్తే హాస్టల్లో గొడవే. వండే అన్నం తగ్గించమంటే ఎవరూ కాదనరు.

ఒక చిక్కుంది. నేను చూసిన మెస్సు రిజిస్టర్లలో "కూరగాయలు 1,850" అని రూపాయలే ఉంటాయి, కిలోలు ఉండవు. ఆ కిలోలు రాబట్టడమే సగం ప్రాజెక్టు. కరెంటు కోసం బొగ్గు, బస్సుల్లో డీజిల్ మండినా నత్రజని వాయువులు గాలిలోకి పోతాయి, వాటి లెక్కకు మీటరు రీడింగు, డీజిల్ బిల్లు చాలు.

నీళ్లను మాత్రం వదలొద్దనండి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడే అడుగుతారు, నైట్రేట్‌ను, అంటే నీళ్లలో కరిగి ఉండే నత్రజనిని, పట్టించుకునేవాళ్లు తక్కువ. సెప్టిక్ ట్యాంకు దగ్గరి బోరులో అది ఎక్కువగా ఉండొచ్చు. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, మరిగించినా అది పోదు. శాంపిల్ తనే తీసి, ల్యాబ్‌లో తనే పరీక్ష చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొచ్చేది అదే.

ఇక బతుకుదెరువు. తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో గానీ కెమిస్ట్రీలో గానీ ఎమ్మెస్సీ చేయొచ్చు. ల్యాబ్ పని మీద ఇష్టముంటే నా ఓటు కెమిస్ట్రీకే, ఫార్మా కంపెనీల తలుపులు కూడా తెరిచే ఉంటాయి. సాయిల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ ఆశ మాత్రం పెట్టుకోవద్దు, దానికి బీఎస్సీ అగ్రికల్చర్ చదివి ఉండాలి. పని దొరికేది నీటి పరీక్ష ల్యాబుల్లో, ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో, పర్యావరణ కన్సల్టెన్సీల్లో. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం పెద్ద లిస్టెడ్ కంపెనీలు నీరు, కరెంటు, వ్యర్థాల లెక్కలు ఏటా చూపించాలి, ఆ లెక్కలు రాసేవాళ్లూ కావాలి. మొదటి జీతం చూసి నిరాశ పడొద్దు, చిన్నగానే ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి పోస్టులు పడితే రాయాలి గానీ, వాటి కోసమే ఏళ్లు కూర్చోవద్దు.

బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాకైనా చేయొచ్చు. చుట్టాలకు ఆ మాట చెప్పండి. మీ ఇంట్లో పత్తి తూచే కాటా ఉంటే, అమ్మాయి ఈసారి హాస్టల్‌కు వెళ్లేటప్పుడు ఇచ్చి పంపండి.